ఉచితంగా తెచ్చుకున్న పిల్లి

1998 జూన్ 14, ఆదివారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు నేను ఖాజాగూడలో ఒక రేకుల షెడ్డు ముందు స్కూటరు ఆపాను. ముందురోజు రాత్రి కురిసిన వానకు చుట్టూ ఉన్న బండలు ఇంకా తడిగానే ఉన్నాయి. ఆకాశం మూసుకుని ఉంది, గాలి లేదు. బయలుదేరేముందు మా బాల్కనీలోని ఉష్ణమాపకంలో చూసిన అంకె ఇరవై తొమ్మిది. ఈ వివరాలన్నీ అప్పటి నోటుపుస్తకంలో నా దస్తూరీలో ఉన్నాయి కనుక రాస్తున్నాను. జ్ఞాపకాన్ని నేను నమ్మను. అది తనకు అనుకూలమైన వాటినే దాచుకుంటుంది.

నేను ముప్ఫై మూడేళ్ళు తూనికలు కొలతల శాఖలో పనిచేసి, 1996లో ఇన్‌స్పెక్టరుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. ఆ మరుసటి ఏడాదే నేనూ నా భార్యా కర్నూలు నుంచి కూకట్‌పల్లికి వచ్చి మూడో అంతస్తులో ఒక ఫ్లాటు కొనుక్కున్నాం. ఈ ప్రాంతం మొదటిరోజు నుంచీ నాకు గిట్టలేదు. మాదాపూర్ వైపు మధ్యాహ్నం పూట బండలు పేల్చేవారు, మా కిటికీ అద్దాలు అదిరేవి. ఎవరిని పలకరించినా గజం ధర చెప్పేవారు. నిరుడు ఎంత, ఇప్పుడెంత, వచ్చే ఏడు ఎంత అవుతుందో కూడా. నిన్నటి ధరకు ఆధారం ఉంటుంది, రేపటి ధరకు ఏం ఆధారం ఉందని అడిగితే నన్ను వింతగా చూసేవారు. నా భార్యకు మాత్రం ఊరితో పేచీ లేదు. తనకోసం ఎదురుచూసే ప్రాణి ఒకటి ఇంట్లో ఉండాలని, పిల్లిని తెచ్చుకుందామని ఆమె నాలుగు నెలలు అడిగింది. అందుకే ఖాజాగూడ వెళ్ళాను.

ఆ షెడ్డులో వీధిలో వదిలేసిన కుక్కలకూ పిల్లులకూ ఆశ్రయం ఇచ్చేవారు. నడిపే ఆవిడ ఆ ఊరి మనిషే, ఏభై ఏళ్ళుంటాయి. పిల్లిపిల్లను ఇవ్వడానికి మూడు వందల ఏభై రూపాయలన్నది. పురుగుల మందు, రెండు టీకాలు, ఆరు నెలలు నిండాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అన్నీ అందులోనే. రసీదు ఇస్తారా అని అడిగాను. ఇస్తానన్నది. అంతవరకూ నాకు అభ్యంతరం లేదు. తరువాత ఆమె ఒక కాగితం చేతికిచ్చింది. అందులో పద్నాలుగు ప్రశ్నలు. పదమూడింటికి జవాబు రాసి ఇచ్చాను.

ఆమె కాగితాన్ని వేలితో చూసుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది. "సారూ, గిది రాయలే. పిల్లికి చేపనో, మాంసమో, గుడ్డో రోజూ పెడ్తరా?"

"మేము శాకాహారులం. అది మా ఇంటి ఆచారం. పిల్లికి పెరుగన్నం, పాలు పెడతాం."

"మీ ఆచారం మీకుండనీ. ఎవరు కాదన్నరు? పిల్లికి ఆచారం లేదు గదా."

"మా ఊళ్ళో మా అమ్మగారింట్లో పిల్లి పన్నెండేళ్ళు పెరుగన్నంతోనే బతికింది."

"ఇంట్ల పెరుగన్నం తిన్నది సారూ. బయట ఏం తిన్నదో మీకేమెరుక? మీరిప్పుడు మూడో అంతస్తుల తలుపేసి పెంచుతమంటున్నరు."

నా మాటను ఆధారం లేకుండా కొట్టిపారేసిందని నాకు కోపం వచ్చింది. ఉచితంగా ఇచ్చేవాళ్ళు ఈ ఊళ్ళో చాలామంది ఉన్నారన్నాను.

"ఉంటరు. ఇంటికొచ్చి ఇచ్చిపోతరు," అన్నదామె, కాగితం మడిచి డబ్బాలో వేస్తూ. "పైసలడిగినందుకు కాదు సారూ మీకు కోపం. గిన్ని ప్రశ్నలడిగినందుకు."

పదకొండూ పదికి స్కూటరు తిప్పాను. ఆ షెడ్డులో ఉన్నది మొత్తం ముప్ఫై నిమిషాలు. ఆ ముప్ఫై నిమిషాలనూ నేను చాలాకాలం ఒక అవమానంగా లెక్కవేసుకున్నాను.

మూడు రోజుల తరువాత, 17వ తేదీ బుధవారం సాయంత్రం ఆరున్నరకు మా కింద ఫ్లాటతను ఒక అట్టపెట్టె పట్టుకుని పైకి వచ్చాడు. అతను కోస్తా మనిషి, హైటెక్ సిటీ కట్టడాలకు సెంట్రింగు పనులు చేయించే కాంట్రాక్టరు. గొంతు పెద్దది. ఇంట్లో ఏం వండినా మెట్లమీద తెలుస్తుంది. ఆదివారాలు చేప. అతని పిల్లి మూడు పిల్లలు పెట్టింది. మా ఆవిడ పిల్లి కోసం అడుగుతోందని అతని భార్య చెప్పిందట.

"తీసుకోండి మాస్టారూ. రూపాయి కూడా వద్దు. ఊరికే ఇస్తున్నా."

"ఏం పెట్టాలి?"

"ఏదైనా తింటుందండి. మా ఇంట్లో చేప తలకాయ లేనిదే ముట్టదనుకోండి, కానీ చిన్నపిల్ల కదా, మీ పెరుగన్నానికే అలవాటు పడిపోద్ది."

పడిపోద్ది అన్నాడు. ఆ మాటను నేను తేదీతో సహా రాసిపెట్టుకున్నాను. ఒక మనిషి ఏమాత్రం తెలియని విషయాన్ని అంత ధీమాగా చెప్పడం, ఇంకొక మనిషి అది తనకు కావలసిన మాట కనుక అంత తేలికగా నమ్మడం, ఈ రెండింటిలో ఏది పెద్ద నేరమో ఆనాడు నేను ఆలోచించలేదు.

అది ఆడపిల్లి, బూడిదరంగు, కడుపు తెలుపు. ఆదివారం నాడు నా రెండు పళ్ళేల ఇత్తడి తక్కెడలో ఒకవైపు బుట్టలో దాన్ని కూర్చోబెట్టి తూచాను. బుట్ట బరువు పోగా ఆరువందల పది గ్రాములు. నా సర్వీసులో తూకపు రాళ్ళ అడుగున సీసం తొలిచినవాళ్ళను చూశాను, పళ్ళెం కింద చింతపండు అంటించినవాళ్ళను చూశాను. సరైన తూకం ఎవరినీ మోసం చేయదన్నది నాకు అనుభవం నేర్పిన ఒకే ఒక్క సంగతి. అందుకని ప్రతి ఆదివారం ఉదయం ఏడు గంటలకు తూచి, గళ్ళ కాగితం మీద చుక్క పెట్టి గీత కలిపేవాణ్ణి. గీత పైకే పోయింది. 1999 జనవరి 3 నాటికి రెండు కిలోల నాలుగువందల ఏభై.

పూటకు తొంభై గ్రాముల పెరుగన్నం, రోజుకు మూడు పూటలు, పావులీటరు పాలు. ఆదివారం పప్పన్నంలో అరచెంచా నెయ్యి. బాల్కనీకీ కిటికీలకూ వల బిగించాను, పడిపోకుండా. బయటకు వెళ్ళేది లేదు.

నా భార్య రెండుసార్లు అడిగింది. రెండోసారి ఫిబ్రవరిలో. "ఏమండీ, కింద వాళ్ళింట్లో చేపలు వండేటప్పుడు ఇది తలుపు గీకతా ఉంది. ఒక్క గుడ్డన్నా తెప్పిద్దామా? బయట బాల్కనీలో పెడతాను. గిన్నె వేరే పెడతాను."

"అన్ని జంతువులూ అలవాటు ప్రకారమే తింటాయి. కాగితం చూడు. బరువు తగ్గిందా?"

"కాగితం చూసి ఏం చేసేది? దాని మొగం చూడండి."

ముఖం చూసి చెప్పే సాక్ష్యాన్ని నేను ముప్ఫై మూడేళ్ళలో ఒక్కసారీ అంగీకరించలేదు. అప్పుడూ అంగీకరించలేదు.

మార్చి 11న ఒక సంగతి జరిగింది. అది ఇక్కడ రాయకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. వంటింటి గోడమీద తిరిగే బల్లిని పిల్లి పట్టింది. సగం నోట్లో ఉంది. నేను దాని దవడలు రెండువేళ్ళతో విడదీసి, పట్టకారుతో ఆ బల్లిని లాగి పారేశాను. పిల్లి నన్ను గీరలేదు. పట్టకారు వెంట నడిచి వచ్చి, చెత్తబుట్ట పక్కన కూర్చుంది. ఎంతసేపు కూర్చుందో నా పుస్తకంలో లేదు. నేను చూడలేదు. తరువాత మరో రెండు బల్లులను కూడా అలాగే లాగేశాను. మొత్తం మూడు.

ఆగస్టులో నేను గదిలో కుర్చీ ఒకటి జరిపితే పిల్లి వచ్చి దానికి తల కొట్టుకుంది. వారం తరువాత కిటికీ గట్టుమీదికి దూకబోయి గోడకు తగిలి కింద పడింది. చిలిపితనమనుకున్నాను. నా భార్య దాన్ని ఒడిలో వేసుకుని ఎండలోకి తిప్పింది.

"కండ్లు చూడండి. పట్టపగలు ఇంత పెద్దగా, నల్లగా ఉండాయి. ఎండకు చిన్నవి కావల్ల గదా."

సెప్టెంబరు 4, శనివారం, దాన్ని బుట్టలో పెట్టుకుని ఆటోలో పశువైద్యుడి దగ్గరకు వెళ్ళాం. చిన్న వయసువాడు, ఇక్కడివాడే. కంట్లోకి లైటు వేసి చాలాసేపు చూశాడు.

"ఏం పెడుతున్నరు సార్?"

చెప్పాను. గ్రాములతో సహా. బరువుల కాగితం కూడా ముందు పరిచాను.

అతను ఆ కాగితాన్ని ఒక్కసారి చూసి పక్కకు నెట్టాడు. "బరువు మంచిగనే ఉంది సార్. అన్నం తింటే బరువు పెరుగుతది. కంటి వెనక పొర ఎండిపోతున్నది. మాంసంల టారిన్ అని ఉంటది. మనకు ఒంట్లనే తయారైతది, పిల్లికి కాదు. తినాలె, లేకుంటే కండ్లు పోతయ్. తర్వాత గుండె."

"మళ్ళీ వస్తుందా?" అని నా భార్య అడిగింది.

"పోయింది రాదమ్మా. ఉన్నది నిలుస్తది. ఈ రోజు నుంచే చేప పెట్టండి. జర జల్దీ చేయండి."

నేను ఆధారం అడిగాను. ఇలాంటి పిల్లులను అతను ఎన్నింటిని చూశాడని అడిగాను. నాలుగు అన్నాడు. నాలుగు చాలవన్నాను. అతను నవ్వి, చీటీ మీద ఏదో చుక్కల మందు రాసి, "ఇవి ఊరికే సార్, మీ తృప్తికి. మందు చేపనే," అన్నాడు.

ఇంటికి వచ్చి నేను చేసిన మొదటి పని కింద ఫ్లాటుకు వెళ్ళడం. లోపమున్న సరుకు అంటగట్టావని అతని ముఖానే అన్నాను. పుట్టుకతోనే కళ్ళు చెడిన పిల్లను వదిలించుకున్నావన్నాను. అతను భోజనం మధ్యలో లేచి వచ్చాడు.

"లోపమాండీ? దీని అమ్మ ఇదిగో, ఇక్కడే ఉంది. దీని తోడబుట్టింది కూడా ఉంది. మూడోది మా బామ్మర్ది పట్టుకెళ్ళాడు. రండి, పరీక్ష పెట్టుకోండి. మీరు ఇన్‌స్పెక్టరు కదా."

నేను పరీక్ష పెట్టాను. పత్తిని గోలీకాయంత ఉండలు చేసి, పిల్లి ముఖానికి రెండడుగుల దూరంలో, శబ్దం రాకుండా ఒక్కొక్కటి పైనుంచి వదలడం. కళ్ళు దాని వెంట కదిలితే లెక్క. పత్తి పడినప్పుడు చప్పుడు ఉండదు కనుక చెవులతో మోసం చేసే వీలు లేదు. అదే తల్లికి అదే ఈతలో పుట్టిన ఆ పిల్లి పదికి పది చూసింది. రెండుసార్లు గాలిలోనే పట్టింది.

కాంట్రాక్టరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సరిపోయిందా మాస్టారూ? నేను మీకు పిల్లినిచ్చాను. మీ వంటగది నేనివ్వలేదు కదండీ."

"పెరుగన్నానికి అలవాటు పడుతుందని చెప్పింది నువ్వే."

"చెప్పానండి. నేను సెంట్రింగు చేసేవాణ్ణి, పిల్లుల డాక్టర్నా? రూపాయి తీసుకోనివాడి మాట పట్టుకుని మీరు పదిహేను నెలలు దాన్ని అట్టా పెంచితే, ఆ తప్పు నా నెత్తినేస్తారేంటండీ?"

అతని మీద నాకున్న ద్వేషం ఈనాటికీ తగ్గలేదు. నిజం పలికినవాడి మీద ఉండే ద్వేషం త్వరగా తగ్గదు.

మరునాడు, సెప్టెంబరు 5, ఆదివారం, ఏడుగంటలకు మా పిల్లికి అదే పరీక్ష. పదికి ఆరు.

ఇక్కడి నుంచి నేను చేసిన పనిని చేయమని ఎవరూ నన్ను అడగలేదు. నాకు నేను కల్పించుకున్న నిబంధన అది. ఒక్క అంకెతో నిర్ధారణ కాదు. ఆహారం మార్చకుండా కొన్ని వారాలు చూడాలి. చూపు నిలకడగా ఉంటే డాక్టరు చెప్పింది తప్పు, జబ్బు వేరే. తగ్గుతూ ఉంటే అతను చెప్పింది ఒప్పు. మా తాతల నుంచి వచ్చిన ఆచారం దాటి గడపలోకి చేప రావాలంటే అంతటి రుజువు కావాలని నిశ్చయించుకున్నాను. చుక్కల మందు మాత్రం రోజుకు రెండుసార్లు వేశాను. ఇంకో డాక్టరు దగ్గరకూ వెళ్ళాను. అతనూ అదే మాట చెప్పాడు. అతని మాటను నోటుపుస్తకంలో రెండో అభిప్రాయంగా నమోదు చేశాను. పెరుగన్నం తొంభై గ్రాములే కొనసాగింది.

ఈ నిబంధనను నా భార్యకూ చెప్పాను. మా పెళ్ళయి అప్పటికి ముప్ఫై ఒక్క సంవత్సరాలు. నా మాట కాదని ఆమె వంటింట్లో ఒక్క పని చేయలేదు. ఆదివారం ఏడుగంటలకు నేను పత్తి ఉండలు తీసినప్పుడు మాత్రం ఆమె గదిలోనుంచి వెళ్ళిపోయేది.

సెప్టెంబరు 12న ఆరు. 19న అయిదు. 26న అయిదు. అక్టోబరు 3న నాలుగు. 10న నాలుగు. 17న మూడు. 24న మూడు. ఆ వారమే పిల్లి నీళ్ళ గిన్నెను మీసాలతో వెతుక్కోవడం మొదలుపెట్టింది. నా భార్య ఇంట్లో ఏ వస్తువూ జరపనిచ్చేది కాదు. ఊడ్చినప్పుడు జరిగిన పీటను సుద్దముక్కతో గీసిన గుర్తు మీదికి సరిగ్గా తెచ్చిపెట్టేది. కొలత తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకునేవాణ్ణి అంతవరకూ. 31న రెండు.

నవంబరు 7, ఆదివారం, మళ్ళీ రెండు.

నేను కాగితం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. "అరవై మూడు రోజులు. పది పరీక్షలు. ఆరు నుంచి రెండుకు పడింది. డాక్టరు చెప్పింది ఒప్పేనని నిర్ధారణ అయింది," అన్నాను. అప్పటి నా గొంతులో ఏముందో నాకు తెలుసు. పని పూర్తయినవాడి తృప్తి ఉంది.

ఆమె పొయ్యి ఆపింది. "నిర్ధారణ అయిందా?"

"అయింది."

"ఆరు ఉన్న పొద్దు చేప పెట్టింటే ఆరు నిలిచేది."

నేను కాగితాన్ని మడిచాను.

"మీరు తప్పు తూకాలు పట్టుకున్నారని ఊరంతా చెప్పుకునేవాళ్ళు. నేనూ చెప్పుకునేదాన్ని," అన్నది ఆమె. "దీని కండ్లు నాలుగు వంతులు మీ కాగితంలోకి పోయినాయి. ఇంగ ఎన్ని ఆదివారాలు కావల్ల మీకు?"

ఆమె గొంతు పెంచలేదు. స్టీలు డబ్బా ఒకటి తీసుకుని, చెప్పులేసుకుని మెట్లు దిగింది. జన్మలో గుడ్డు పెంకు కూడా ముట్టని మనిషి. నేను మెట్లమీది నుంచి వంగి చూశాను. కింద ఫ్లాటు తలుపు కొట్టింది. కాంట్రాక్టరు ఏదో అన్నాడు, ఆమె తల ఊపింది. ఆ డబ్బాతో తిరిగి వచ్చి, బాల్కనీలో కిరోసిన్ స్టవ్ వెలిగించి, ముక్కుకు కొంగు కట్టుకుని, ఉప్పూ కారమూ లేకుండా చేపను నీళ్ళలో ఉడికించింది. ముళ్ళు తీయడం ఎలాగో ఆమెకు తెలియదు. వేళ్ళతో నలిపి నలిపి చూసుకుంటూ, ఒక్కొక్క ముల్లూ తీసి కాగితం మీద పెట్టింది. తరువాత బాత్రూములోకి వెళ్ళి వాంతి చేసుకుంది. వచ్చి పిల్లికి పెట్టింది.

ఆ పిల్లి తిన్న తీరు చూడలేక నేను లోపలికి వచ్చేశాను. పదిహేడు నెలలు నేను పెట్టిన దేన్నీ అది అలా తినలేదు.

మరుసటి వారం నుంచి చేపల బజారుకు నేనే వెళ్ళాను. ఆమె వద్దనలేదు, వెళ్ళమనీ అనలేదు. ఆ ఇంట్లో నా మాటకు అప్పటిదాకా ఉన్న బరువు మళ్ళీ తిరిగి రాలేదు. రావాలని నేనూ అడగలేదు.

ఖర్చు సంగతి. తిండి ఎక్కడి పిల్లికైనా తప్పదు కనుక దాన్ని లెక్కలోకి తీసుకోను. బుట్ట, వల కూడా అంతే. షెడ్డులో మూడు వందల ఏభైలోనే వచ్చేవాటికి నేను బయట పెట్టింది ఇంత: పురుగుల మందు తొంభై, టీకాలు నూట అరవై, ఆపరేషన్ ఆరువందలు. వాటికీ కళ్ళ వైద్యానికీ తిరిగిన ఆటోలు మూడు వందల ఎనభై. ఇద్దరు డాక్టర్ల ఫీజు, పని చేయని చుక్కల మందు కలిపి ఆరువందల ఎనభై అయిదు. కాంట్రాక్టరు రూపాయి కూడా వద్దన్న పిల్లికి మొత్తం వెయ్యి తొమ్మిది వందల పదిహేను రూపాయలు. మూడు వందల ఏభై తీసివేస్తే వెయ్యిన్ని అయిదువందల అరవై అయిదు అదనం. ఈ మొత్తాన్ని కట్టమని ఎవరికీ నోటీసు ఇవ్వలేదు. ఇవ్వవలసిన చిరునామా నాదే.

చేప మొదలైన తరువాత కూడా ఆదివారం పరీక్ష ఆపలేదు. ఈసారి నా భార్య గది విడిచి వెళ్ళలేదు. పత్తి ఉండలు తానే వదిలింది, నేను లెక్క రాశాను. నవంబరు 14న రెండు. 21న రెండు. 28న రెండు. డిసెంబరులో మొదటి మూడు ఆదివారాలూ రెండే. డాక్టరు చెప్పినట్టు ఉన్నది నిలిచింది, పోయింది రాలేదు. 1999 డిసెంబరు 26, ఆదివారం, ఉదయం ఏడుగంటలకు చివరి పరీక్ష చేశాం. వదిలిన ఉండలు పది. పిల్లి చూసినవి రెండు.